దత్తత సెలవు అయిపోయాక డ్యూటీలో తిరిగి చేరేది ఎట్ల: తిరుపతి, చిత్తూరు అమ్మల కోసం

అసలు మాట ముందే చెప్పేస్తా, మిగతాది బిడ్డ నిద్రపోయినప్పుడు తీరిగ్గా చదువుకోండి. సెలవులో ఉన్నప్పుడు గానీ, సెలవు అయిపోయి ఆఫీసుకి పోయిన రోజు గానీ, ఎవరైనా మిమ్మల్ని పక్కకి పిలిచి "ఏం లేదమ్మా, చిన్న ఫార్మాలిటీ, ఒక రిజిగ్నేషన్ రాసిచ్చేసి మళ్ళీ ఫ్రెష్‌గా జాయిన్ అయిపోండి, అదే సీటు, అదే జీతం" అన్నారనుకోండి, సంతకం పెట్టద్దు. నవ్వుతా చెప్పినా పెట్టద్దు, టీ తాగించి చెప్పినా పెట్టద్దు. ఆ ఒక్క కాగితంతో మీ పాత సర్వీసంతా తెగిపోతుంది. గ్రాట్యుటీకి లెక్కేసే ఐదేళ్ళు మళ్ళీ సున్నా నుంచి మొదలు, దాచుకున్న ఈఎల్స్ (పని చేసి సంపాదించుకున్న జీతం సెలవులు) పాయె, సీనియారిటీ పాయె, పైగా కొత్తగా చేరిన మనిషి కాబట్టి ప్రొబేషన్ అంటారు, ప్రొబేషన్‌లో ఉన్న మనిషిని తీసెయ్యడం ఎంత సులువో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను తిరుపతిలో పీఎఫ్, ఈఎస్‌ఐ పనులు చూసే ఒక కన్సల్టెంట్ ఆఫీసులో పని చేస్తా. స్కూళ్ళు, నర్సింగ్ హోములు, లాడ్జీలు, రేణిగుంట పక్క ఫ్యాక్టరీలు, శ్రీసిటీలో లేబర్ పెట్టే కాంట్రాక్టర్లు, అందరి కాగితాలూ మా టేబుల్ మీదకి వస్తా ఉంటాయి. కాన్పు సెలవు గురించి ఇప్పుడు అందరికీ ఎంతోకొంత తెలుసు, దత్తత సెలవు అనేసరికి మాత్రం ఓనర్‌కీ తెలీదు, హెచ్‌ఆర్‌కీ తెలీదు, చాలాసార్లు ఆ సెలవు తీసుకున్న అమ్మకి కూడా పూర్తిగా తెలీదు, ఏదో కంపెనీ దయతో ఇచ్చినట్టు అనుకుంటారు. దయ ఏం కాదు, చట్టం.

ముందు మీరు ఏ లెక్కలోకి వస్తారో చూసుకోండి

ప్రైవేట్ ఉద్యోగం అయితే: 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టంలోకి దత్తత అమ్మల సెలవు 2017 సవరణతో వచ్చింది, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలు. 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది, కంగారు పడద్దు, మన విషయంలో సరుకు దాదాపు అదే, సెక్షన్ నంబర్లే మారినాయి. కోడ్‌లో ఆరో చాప్టర్ మనది, సెక్షన్ 60 సెలవు గురించి, 67 క్రెష్ (పని చేసే చోట పిల్లల్ని చూసుకునే గది) గురించి, 68 ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా ఉండే రక్షణ గురించి. ఈ మూడు నంబర్లు ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి, హెచ్‌ఆర్ ముందు నంబర్ చెప్పి మాట్లాడితే అవతలి మనిషి కుర్చీలో కూర్చునే తీరే మారిపోతుంది. ఫ్యాక్టరీలకి ఇది వర్తిస్తుంది, షాపులూ మిగతా సంస్థలూ అయితే పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోటుకి వర్తిస్తుంది. సెలవు 12 వారాలు, జీతంతో. అంతకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి.

నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్టింగ్ ఉంటే డబ్బు కంపెనీ ఇవ్వదు, ఈఎస్‌ఐ ఇస్తుంది, అదీ 12 వారాలే. ఇక్కడ ఒక కిరికిరి ఉంది. "మీకు డబ్బు ఈఎస్‌ఐ వాళ్ళు ఇచ్చినారు కదా, ఇక సీటు సంగతి మాకు సంబంధం లేదు" అనే మేనేజర్లు ఉంటారు. డబ్బు ఎవరిచ్చినా ఉద్యోగం కంపెనీదే, సెలవు కాలంలో తీసెయ్యకూడదు అనేది కంపెనీకి వర్తించే రూలే.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, టీచరమ్మలు అదృష్టవంతులు, 2022 మార్చిలో వచ్చిన ఫైనాన్స్ జీవో 33 ప్రకారం దత్తత సెలవు 180 రోజులు, బతికి ఉన్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉండాలి, నాన్నకి కూడా 15 రోజులు ఉంది. ఆ జీవో ప్రింట్ తీసి షరతులు ఒకసారి మీరే చదువుకోండి, మీ ఆఫీసు సీనియర్ అసిస్టెంట్ చెప్పినాడని ఊరుకోవద్దు. సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళకి సీసీఎస్ లీవ్ రూల్స్‌లో 43బి కింద ఏడాది లోపు బిడ్డని తీసుకుంటే 180 రోజులు, మగ ఉద్యోగికి 43ఏఏ కింద 15 రోజులు. ప్రైవేట్‌లో నాన్నకి చట్టం ప్రకారం సెలవు ఏమీ లేదు, కంపెనీ పాలసీ ఉంటే ఉన్నట్టు.

కాంట్రాక్ట్, డైలీ వేజ్, ఔట్‌సోర్సింగ్ అక్కలు "మాకు ఇవేమీ రావులే" అని ముందే చేతులెత్తేస్తారు. అట్ల అనుకోవద్దు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద మట్టి పని చేసే ఆడవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, పర్మినెంట్ కాకపోయినా ప్రసూతి చట్టం వర్తిస్తుందని. 2023లో డాక్టర్ కవితా యాదవ్ కేసులో కాంట్రాక్ట్ గడువు మధ్యలో అయిపోయినా రావాల్సిన బెనిఫిట్ ఆగదు అని కూడా చెప్పింది. కాకపోతే ఒకటి గుర్తు పెట్టుకోండి, బెనిఫిట్ ఆగదు అంటే కాంట్రాక్ట్ ఆటోమేటిక్‌గా రెన్యూ అయిపోతుందని కాదు. మీ కాంట్రాక్ట్ తేదీ సెలవు మధ్యలో అయిపోయేటట్టు ఉంటే రెన్యువల్ కోసం సెలవులోంచే మెయిల్ పెట్టండి.

మూడు నెలల ముడి

ప్రైవేట్ సెలవులో 2026 మార్చిదాకా పెద్ద తలనొప్పి ఇదే. చట్టంలో రాసింది మూడు నెలల లోపు బిడ్డని దత్తత తీసుకుంటే అని. ఇప్పుడు మీరే ఆలోచించండి, వదిలేసిన బిడ్డ రెండేళ్ళ లోపు అయితే దత్తతకి ఫ్రీ అని ప్రకటించడానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో రెండు నెలల గడువు పెట్టినారు, తల్లే అప్పగించిన బిడ్డ అయితే ఆమె మనసు మార్చుకోవడానికి రెండు నెలలు టైం ఇస్తారు, ఇవన్నీ అయ్యి, కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో మీ నంబర్ వచ్చి, బిడ్డ మీ చేతికి వచ్చేసరికి మూడు నెలలు దాటకుండా ఎట్ల ఉంటుంది? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే అని నా అభిప్రాయం. దీని మీదే హంసానందిని నండూరి అనే దత్తత అమ్మ 2021లో సుప్రీంకోర్టుకి పోయింది, 2026 మార్చిలో ఆ మూడు నెలల షరతు చెల్లదని, బిడ్డ వయసుతో పని లేకుండా 12 వారాల సెలవు ఉందని కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి "బిడ్డకి మూడు నెలలు దాటింది, నీకు సెలవు లేదు, నువ్వు తీసుకున్నది లాస్ ఆఫ్ పే" అని తిరిగి చేరిన రోజు ఎవరైనా అంటే నోటి మాటకి తల ఊపి రావద్దు, అదే ముక్క రాసివ్వమనండి, ఆ తీర్పు లాయర్ చేత చూయించుకుని అప్పుడు జవాబు ఇవ్వండి. కంపెనీ పాలసీలో వయసు పరిమితి లేకుండా సెలవు రాసుకుని ఉంటే ఇంకా మంచిది, చట్టం కంటే ఎక్కువ ఇస్తామని వాళ్ళే రాసుకున్నారు కాబట్టి అది ఇవ్వాల్సిందే.

కాగితాలు

చెల్లెలి బిడ్డనో మరిది బిడ్డనో ఇంట్లో వాళ్ళే మాట్లాడుకుని పెంచుకోవడం మన వైపు మామూలు. ప్రేమకి కాగితం అక్కర్లేదు గానీ సెలవుకి కావాలి. "చట్టప్రకారం దత్తత" అని రాసుంది కాబట్టి బంధువుల బిడ్డ అయితే హిందూ దత్తత చట్టం 1956 ప్రకారం జరిగిన దత్తత, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన పత్రం పెట్టుకోండి. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ చేయించింది తీసుకొచ్చి సెలవు అడిగితే హెచ్‌ఆర్ తిప్పి పంపిస్తే వాళ్ళని తప్పు పట్టలేం.

కారా ద్వారా శిశుగృహ నుంచి తీసుకున్న వాళ్ళకి రెండు కాగితాలు ముఖ్యం. ఒకటి బిడ్డని మీ చేతికి ఇచ్చిన రోజు ఇచ్చే ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కాగితం, అందులో తేదీ ఉంటుంది. రెండోది దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఈ ఉత్తర్వు కోర్టు కాకుండా కలెక్టర్ ఇస్తున్నారు, ఇది చాలామంది ఆఫీసుల్లో ఇంకా తెలీదు, "కోర్టు ఆర్డర్ తీసుకురా" అని కూర్చుంటారు. తిరుపతి జిల్లా వాళ్ళకి తిరుపతి కలెక్టరేట్, కుప్పం వైపు వాళ్ళకి చిత్తూరు. సెలవు లెక్క మొదలయ్యేది బిడ్డని అప్పగించిన తేదీ నుంచి, ఉత్తర్వు వచ్చిన తేదీ నుంచి కాదు, ఇది చట్టంలోనే ఉంది. కాబట్టి ముందు మొదటి కాగితం ఇచ్చి "ఉత్తర్వు వచ్చిన వెంటనే ఇస్తాను" అని రాసివ్వండి, వచ్చినాక మరిచిపోకుండా ఇవ్వండి, లేకపోతే తిరిగి చేరినాక అదే సాకు అవుతుంది.

ఇంకోటి, ఈ రెండు తప్ప బిడ్డ వివరాలు ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. బిడ్డ ఎక్కడ దొరికింది, కన్నవాళ్ళు ఎవరు, ఏ కులం, ఇవి ఏ హెచ్‌ఆర్ ఫారంలోనూ అవసరం లేదు. ఎవరైనా అడిగితే "అవి బయటికి చెప్పకూడదండీ" అని ఒక్క మాటతో ఆపేయండి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "సెలవు నిమిత్తం మాత్రమే" అని రాసి సంతకం పెట్టండి.

తేదీ లెక్క

12 వారాలు అంటే 84 రోజులు, ఆదివారాలు పండగలు అన్నీ కలిపి. జూలై 1న బిడ్డ చేతికి వస్తే 84వ రోజు సెప్టెంబర్ 22, మీరు డ్యూటీలో ఉండాల్సింది 23న. వేళ్ళ మీద లెక్కేసుకోకుండా క్యాలెండర్ పెట్టి లెక్కేయండి, మూడు నెలలు అని గుండుగుత్తగా అనుకుని అక్టోబర్ 1న పోతే ఆ ఎనిమిది రోజులు చెప్పకుండా మానేసినట్టు అవుతుంది. బిడ్డ ఇంకా అలవాటు పడలేదు, కొత్త మనుషుల దగ్గర ఏడుస్తా ఉంది, ఇంకో నెల కావాలి అంటే అడగండి, ఈఎల్స్ కలపమనండి, లేకపోతే జీతం లేని సెలవు అడగండి, కానీ శాంక్షన్ అయినట్టు మెయిల్ వచ్చేదాకా శాంక్షన్ అయిందని అనుకోవద్దు. సెక్షన్ 68 రక్షణ చట్టం ఇచ్చిన సెలవుకే గట్టిగా పనిచేస్తుంది, ఫోన్‌లో సార్ సరే అన్నారు అని పెంచుకున్న సెలవుకి కాదు. దర్శనం టోకెన్ మీద టైం వేసినట్టే ఈ వ్యవహారంలో ప్రతి కాగితం మీదా తేదీ ఉండాలి, తేదీ లేనిది ఎంత పెద్ద కాగితమైనా గేటు దగ్గర ఆగిపోతుంది.

తిరిగి వచ్చే ముందు ఒక లెటర్

సెలవు అయిపోవడానికి రెండు మూడు వారాల ముందే పెట్టండి. మెయిల్ ఉంటే మెయిల్, లేకపోతే తెల్ల కాగితం మీద రాసి రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి, అదీ వేయకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి ఆ రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో "సార్ 23న వస్తున్నా" అని పెడితే బ్లూ టిక్ వస్తుంది గానీ ఫైల్లోకి ఎక్కదు. ఇంగ్లీష్‌లోనే రాయాలని లేదు, తెలుగులో ఇట్ల రాసినా చాలు:

"అయ్యా, నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు దత్తత సెలవులో ఉన్నాను. ఫలానా తేదీ ఉదయం షిఫ్ట్‌కి నా పాత హోదాలో, పాత జీతంతో విధుల్లో చేరుతున్నాను. నా సర్వీసు తెగకుండా కొనసాగుతున్నట్టు రికార్డులో నమోదు చేయగలరు. క్రెష్ సౌకర్యం, షిఫ్ట్ సమయం గురించి చేరే లోపు తెలియజేయగలరు. ఇట్లు."

ఆ "పాత హోదాలో, పాత జీతంతో", "సర్వీసు తెగకుండా" అనే ముక్కలు తీసెయ్యద్దు, మిగతాది ఎట్ల రాసుకున్నా పర్వాలేదు. దీనికి జవాబు రాకపోయినా మీకు నష్టం లేదు, మీరు చెప్పినారు అనేదానికి రుజువు ఉంది.

చేరిన రోజు

పొద్దున్నే పోయి జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి, పంచ్ వేయండి, పంచ్ పడకపోతే (సెలవులో ఉన్నవాళ్ళ ఐడీ బ్లాక్ చేసి పెట్టుంటారు కొన్నిచోట్ల) వెంటనే మెయిల్‌లో "ఈ రోజు ఇన్ని గంటలకి వచ్చినాను, పంచ్ పడలేదు" అని పెట్టండి. ఎందుకంటే తర్వాత "ఆమె రానే లేదు" అనే మాట పుడితే అప్పుడు మీ దగ్గర చూపించేది ఏదీ ఉండదు. ప్రభుత్వ స్కూల్ టీచర్లు అయితే హెచ్‌ఎం దగ్గర జాయినింగ్ రిపోర్ట్ ఇచ్చి, సర్వీస్ రిజిస్టర్‌లో సెలవు ఎంట్రీ పడిందా లేదా అడగండి, ఇంక్రిమెంట్ రోజు వచ్చేదాకా ఆగద్దు.

ఇప్పుడు సీటు సంగతి. చాలామంది అడిగేది "నా సీటు నాకే ఇవ్వాలా" అని. చట్టంలో అదే కుర్చీ, అదే టేబుల్ అని రాసి లేదు. రాసింది ఏందంటే, సెలవులో ఉందన్న కారణంతో తీసెయ్యకూడదు, నోటీసు ఇవ్వకూడదు, ఉద్యోగ షరతులు ఆమెకి నష్టం వచ్చేటట్టు మార్చకూడదు. అంటే జీతం తగ్గించినా, సూపర్‌వైజర్‌ని తీసుకొచ్చి హెల్పర్‌గా పెట్టినా, ఇన్‌సెంటివ్ వచ్చే సెక్షన్ నుంచి రాని సెక్షన్‌కి పంపినా అది నష్టమే, అడగచ్చు. అదే గ్రేడు, అదే జీతం, పక్క సెక్షన్ అంటే మాత్రం పోరాడి లాభం తక్కువ, నా మాట అడిగితే రాసుకుని ఊరుకోండి, పెద్దదానికి బలం దాచుకోండి. తిరుపతిలో పని చేసే మనిషిని ఉన్నట్టుండి నెల్లూరు బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ చేస్తే, చంటిబిడ్డతో పోలేక తనే మానేస్తుంది అనే లెక్కతో చేసేది అది, కారణం రాతలో అడగండి, సెలవు ముందు మీ సెక్షన్‌లో ఇంకెవరినైనా అట్ల పంపినారా అని కూడా చూసుకోండి.

నైట్ షిఫ్ట్ గురించి శ్రీసిటీ, రేణిగుంట వాళ్ళు ముఖ్యంగా వినండి. కొత్త లేబర్ కోడ్స్‌లో రాత్రి ఏడు దాటినాక, పొద్దున ఆరు లోపు ఆడవాళ్ళ చేత పని చేయించాలంటే వాళ్ళ ఒప్పుదల కావాలి. మీరు సెలవు ముందు ఒప్పుకుని సంతకం పెట్టి ఉండచ్చు, ఇప్పుడు బిడ్డ వచ్చింది, ఒప్పుదల వెనక్కి తీసుకుంటున్నా అని రాసిచ్చెయ్యండి.

మొదటి పేస్లిప్

ఇది విసుగు పుట్టించే పని గానీ డబ్బు పోయేది ఇక్కడే. సెలవు కాలం జీతం మొత్తం వచ్చిందా, దాన్ని అంతకు ముందు మూడు నెలల సగటు రోజు జీతం మీద లెక్కేస్తారు. పీఎఫ్ పాస్‌బుక్ తీసి ఆ నెలల్లో కంట్రిబ్యూషన్ పడిందా చూడండి, ముఖ్యంగా మీ పేరు పక్కన ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసినట్టు చూపించే తేదీ) ఏమైనా పడిందా చూడండి. ఇది నేను మరీ మరీ చెప్తా, కొందరు సెలవు మొదలైన రోజే ఎగ్జిట్ కొట్టేసి, తిరిగి వచ్చినాక కొత్త జాయినింగ్ డేట్‌తో ఎక్కిస్తారు, మీరు రిజిగ్నేషన్ రాయకపోయినా రాసినట్టే అయిపోతుంది, ఎవరూ చూసుకోరు, ఆరేళ్ళ తర్వాత గ్రాట్యుటీ అడిగినప్పుడు బయటపడుతుంది. అట్ల కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు కరెక్షన్ అడగండి. బోనస్ లెక్కలో కూడా జీతంతో ఉన్న సెలవు రోజులు పని చేసిన రోజులుగానే లెక్క, దసరా దీపావళికి బోనస్ ఇచ్చేటప్పుడు ఆ రోజులు కోసేసి ఇస్తే అడగండి.

బిడ్డ పేరు ఎక్కించడం: ఈఎస్‌ఐలో కుటుంబం అంటే దత్తత బిడ్డ కూడా ఉంటుంది, కార్డులో పేరు ఎక్కించమని ఆఫీసులో చెప్పండి, తిరుపతి ఈఎస్‌ఐ ఆస్పత్రికి బిడ్డని తీసుకుపోయినప్పుడు పేరు లేదంటే అప్పుడు పరుగులు పెట్టాల్సి వస్తుంది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ అయితే కొత్త బిడ్డని చేర్చడానికి గడువు ఉంటుంది, పాలసీలో ఎన్ని రోజులు ఉందో సెలవులో ఉన్నప్పుడే అడిగి చేర్చేయండి. పీఎఫ్ నామినేషన్ కూడా అదే ఊపులో మార్చేయండి.

క్రెష్, ఇంటి నుంచి పని, పాల బ్రేకులు

యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలి, రోజుకి నాలుగు సార్లు పోయి బిడ్డని చూసి రావచ్చు. కన్న అమ్మకీ పెంచే అమ్మకీ ఇందులో తేడా ఏమీ లేదు. మన దగ్గర చాలాచోట్ల క్రెష్ అంటే తాళం వేసిన ఒక గది, గోడకి మిక్కీ మౌస్ బొమ్మ, లోపల పాత ఫైళ్ళు, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు తెరుస్తారు. అడిగే మనిషి ఒకరు ఉంటేనే తెరుచుకుంటుంది, ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మలని కలుపుకుని ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, ఒక్కరు అడిగితే ఆమె గొడవ మనిషి అంటారు, నలుగురు అడిగితే డిమాండ్ అంటారు.

పాల బ్రేకులు, అంటే బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు, చట్టంలో "కాన్పు అయిన స్త్రీ" అని రాసుంది. కాబట్టి దత్తత అమ్మ అదే పేరుతో అడిగితే రూల్ చూపించి కాదనే అవకాశం ఉంది. పాలసీసాతో పట్టినా ఆకలి ఆకలే కదా అని నాకూ అనిపిస్తుంది, కానీ మీరు ఆ వాదన జోలికి పోకుండా క్రెష్ నాలుగు విజిట్ల కింద అడగండి, పని అయిపోతుంది.

ఇంటి నుంచి పని అనేది హక్కు కాదు, పని స్వభావం కుదిరితే ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇవ్వచ్చు అని మాత్రమే ఉంది. అకౌంట్స్, సాఫ్ట్‌వేర్, డేటా ఎంట్రీ వాళ్ళు "వారానికి రెండు రోజులు, ఇన్ని నెలలు" అని స్పష్టంగా అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ, ఊరికే "ఇంటి నుంచి చేస్తా సార్" అంటే రాదు.

చేరినాక కూడా కొన్ని సెలవులు అవసరం పడతాయి

కారా దత్తతలో బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండేళ్ళపాటు ఆరు నెలలకి ఒకసారి మనుషులు ఇంటికి వచ్చి బిడ్డ ఎట్ల ఉందో చూసి రిపోర్ట్ రాసుకుంటారు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండాలి. కలెక్టరేట్‌కి పిలుపు వస్తే పోవాలి, బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పనులు ఉంటాయి. ఇవన్నీ ముందే తెలిసిన పనులే కాబట్టి వాటి కోసం నాలుగైదు సీఎల్స్ (క్యాజువల్ లీవులు) పక్కన పెట్టుకోండి, చేరిన నెలలోనే అన్నీ వాడేసుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగులకి చైల్డ్ కేర్ లీవ్ వేరే ఉంది, రాష్ట్రంలో 180 రోజులు, సెంట్రల్‌లో 730 రోజులు, దాన్ని ముక్కలు ముక్కలుగా వాడుకోవచ్చు.

మాట వినకపోతే

ముందు హెచ్‌ఆర్‌కి రాత, వారం పది రోజులు చూసి ఓనర్‌కి గానీ హెడ్ ఆఫీసుకి గానీ రాత. అప్పటికీ కదలకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్. షాపులు, స్కూళ్ళు, ఆస్పత్రులు లాంటి వాటికి మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర మొదలుపెట్టండి, ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్. కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టర్‌ని ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు, పేరు పొడుగైంది, పని అదే. సెలవు డబ్బు ఎగ్గొట్టినా, సెలవు కారణంగా తీసేసినా ఆ ఆర్డర్ మీ చేతికి వచ్చిన రోజు నుంచి 60 రోజుల లోపు అప్పీలు వేయాలి. ఈ అరవై రోజులు ఎట్ల పోతాయో తెలీదు, మొదటి నెల ఏడుపుతో, రెండో నెల "మళ్ళీ పిలుస్తామన్నారు" అనే ఆశతో గడిచిపోతుంది. పిలుస్తాం అన్నా సరే, అప్పీలు వేసి పెట్టుకోండి, పిలిస్తే వెనక్కి తీసుకోవచ్చు.

లాయర్ ఫీజు భయం వద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం ఉంది, రేషన్ కార్డు కూడా చూడరు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టు కాంప్లెక్స్‌లో అడిగినా దారి చూపిస్తారు, ఫోన్ అయితే 15100. ప్రభుత్వ ఉద్యోగులకి పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడం కూడా పనికొస్తుంది, అది కోర్టు కాదు, ఆర్డర్ ఇవ్వరు, కానీ అక్కడ ఇచ్చిన అర్జీ లేబర్ ఆఫీసుకి నంబర్‌తో పోతుంది, నంబర్ ఉన్న అర్జీకి జవాబు రాయాల్సి వస్తుంది. పొద్దున్నే పోండి, మధ్యాహ్నానికి క్యూ పెరుగుతుంది. పట్టుకుపోవాల్సినవి: అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు పేస్లిప్‌లు, బిడ్డని అప్పగించిన కాగితం, సెలవు అప్లికేషన్, జాయినింగ్ రిపోర్ట్, స్పీడ్ పోస్ట్ రసీదు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్. అన్నీ రెండేసి జిరాక్స్. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వద్దు, చూపించి బ్యాగులో పెట్టేసుకోండి.